నెల జీతం, ఏడాది సంసారం

(మలక్‌పేటలో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చు ప్రతి)



ఉగాది సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణానికి కూర్చున్నవాళ్లు ఒక్క చోట మాత్రం చెవులు రిక్కిస్తారు. వర్షాలు ఎన్ని తూములు, నవనాయకులెవరు, పంటలెలా ఉంటాయి అన్నంతసేపూ పక్కవాళ్లతో కబుర్లు నడుస్తూనే ఉంటాయి. రాశులవారీగా ఆదాయం, వ్యయం చదవడం మొదలుపెట్టగానే అందరూ గమ్మున అయిపోతారు. ఆదాయం 2, వ్యయం 14 అని వచ్చినాయన పైకి నవ్వేస్తాడు, ఇంటికెళ్లాక మాత్రం ఇల్లాలికి చెప్పకుండా ఉండడు. జ్యోతిషం సంగతి నాకు తెలియదు, దాని జోలికి పోను. ఆ లెక్కకు పెట్టిన గడువు మాత్రం నాకు నచ్చుతుంది. ఏడాదికి ఇంత వస్తుంది, ఏడాదికి ఇంత పోతుంది. మన ఇళ్ల గురించి బహిరంగంగా చదివే బడ్జెట్ ఇదొక్కటే. అది ఏడాది బడ్జెట్, నెల బడ్జెట్ కాదు.

ఇంటి ఖర్చుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మనం స్మరించుకుంటున్న మాస్టారు ముప్పావు జీవితం అంకగణితం చెప్పినవారు కాబట్టి ఆయన పేరిట జరిగే సభలో పొదుపు మీద నీతులు చెబితే బాగుండదు. కూడికలు, తీసివేతలు చేసి చూపిస్తాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన సంసారాలు ఏడాది లెక్కన నడుస్తాయి, జీతాలు నెల లెక్కన వస్తాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే బంగారం తాకట్టు, చేబదులు, చిట్టీ పాట అన్నీ పుట్టుకొస్తాయి.

నెల అనే గడువు ఎక్కడిదో ముందు చూద్దాం. పల్లెలో రైతుకు డబ్బు పంటకొకసారి వచ్చేది. అతని దగ్గర పనిచేసే జీతగాడికి ఏడాదికి ఇన్ని బస్తాలని మాట. చాకలికి, మంగలికి, వడ్రంగికి కళ్లం దగ్గరే కొలిచి ఇచ్చేవారు. నిజాం సర్కారు లెక్కలు కూడా ఫసలీ సంవత్సరం ప్రకారం అక్టోబరులో వచ్చే ఆజూర్ నెలతో మొదలయ్యేవి. నెల జీతం కచేరీలతో, మిల్లులతో పాటు వచ్చింది. వేతన గడువు నెలకు మించకూడదని, అది ముగిశాక చిన్న సంస్థలు 7 రోజుల్లో, పెద్ద సంస్థలు 10 రోజుల్లో జీతం ఇచ్చేయాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. కార్మికుడికి అది పెద్ద రక్షణ, కాదనను. కాకపోతే ఆదాయానికి చట్టం వేసిన గడువునే మనం ఖర్చుకు కూడా వేసేసుకున్నాం.

ప్రభుత్వ గణాంక శాఖ ఈ పొరపాటు చేయదు. కుటుంబ వినియోగ వ్యయ సర్వేకు వచ్చేవాళ్లు మూడు గడియారాలతో వస్తారు. కూరగాయలు, గుడ్లు, మాంసం, నూనె, పండ్లు ఎంతకు కొన్నారని గడిచిన 7 రోజుల గురించి అడుగుతారు. బియ్యం, పప్పు, అద్దె, కరెంటు అయితే 30 రోజుల గురించి. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరడం, ఇంట్లోకి కొన్న పెద్ద వస్తువులు అయితే 365 రోజుల గురించి. ఫీజు నెలనెలా కట్టేది కాదు కాబట్టి పోయిన నెల ఎంత కట్టారని అడిగితే సగం ఇళ్లు సున్నా అంటాయి, మిగతా సగం కొండంత అంకె చెబుతాయి. 1999-2000 సర్వేలో ఈ గడువులు మార్చేసరికి దేశంలో పేదలు ఎందరన్న దాని మీదే పెద్ద వాదం నడిచింది. ప్రశ్నకు పెట్టే గడువు మారితే జవాబు అంతగా మారుతుంది. ఒక చిన్న ఫిర్యాదు మాత్రం ఉంది. మసాలా దినుసుల్ని వాళ్లు 7 రోజుల ఖాతాలో వేశారు. ఏప్రిల్లో మలక్‌పేట గంజి మార్కెట్‌కు వచ్చి ఏడాదికి సరిపడా ఎండుమిర్చి తూయించుకుని, మిల్లులో కారం పట్టించుకునే తెలుగు ఇల్లాలిని వాళ్లు అడిగినట్టు లేరు.

మన ప్రాంతంలో ఏడాది ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మార్చిలో బీమా ప్రీమియం, పన్ను. ఏప్రిల్, మే నెలల్లో కారం, చింతపండు, కందిపప్పు, ఆవకాయ. ఆవకాయ కాయలకు కొత్తపేట పండ్ల మార్కెట్‌కు నడిచి వెళ్లే రోజులు పోయాయి. మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలింది, ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. జూన్లో బడి. ఆషాఢంలో బోనాలు, శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా బట్టలు, సంక్రాంతికి నల్గొండకో ఖమ్మానికో సూర్యాపేటకో ప్రయాణం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా సగం ఇళ్లకు ఆ ఊళ్లకు వెళ్లే రోడ్డు చివర ఇంకో ఇల్లు ఉంటుంది కదా.

మలక్‌పేటలో మరో క్యాలెండర్ కూడా నడుస్తుంది. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2017లో ఈద్ జూన్ 26న వచ్చింది, 2018లో జూన్ నెల మధ్యలో. అంటే ఆ రెండేళ్లూ పండగ బట్టలు, బడి బట్టలు, ఫీజు ఒకే నెల నెత్తిన పడ్డాయి. ఇప్పుడు పండగ మార్చి వైపు జరిగింది కాబట్టి ఆ ఇళ్లలో జూన్ కొంచెం తేలికైంది. ఇలాంటి ఇంటికి నెల బడ్జెట్ రాసిచ్చి ప్రతి నెలా ఇదే పాటించండి అంటే ఏం పాటిస్తారు?

ఇప్పుడు లెక్క. ఇది ఎవరింటిదీ కాదు, నేను ఊహించింది. మీ ఇంటి అంకెలు పెట్టి సరిచూసుకోండి. చేతికి నెలకు 45,000 వచ్చే కుటుంబం, ఇద్దరు పిల్లలు. ఏడాదికోసారి, రెండుసార్లు వచ్చిపడే ఖర్చులు మాత్రమే కూడుతున్నాను. ఇద్దరి ఫీజులు 90,000. పుస్తకాలు, యూనిఫాం 15,000. ఏడాది సరుకులు 20,000. పండగలు, ప్రయాణాలు 35,000. బీమా 18,000. పెళ్లిళ్లకు చదివింపులు, ఒడిబియ్యం, చీరలు 20,000. బండి బీమా, మరమ్మతు 7,000. మొత్తం 2,05,000. దీన్ని 12తో భాగిస్తే నెలకు 17,000 పైచిలుకు.

అంటే ఆ ఇంటి జీతం 45,000 కాదు, 28,000. మిగిలిన 17,000 ఒకటో తారీఖున ఖాతాలో కనిపిస్తుంది గానీ అది జూన్‌ది, దసరాది, మార్చిది. అద్దెకు 13,000 తీస్తే పాలకు, కూరగాయలకు, కరెంటుకు, గ్యాస్‌కు, పెట్రోలుకు, ఫోన్లకు మిగిలేది 15,000. ఈ అంకె చాలామందిని భయపెడుతుంది. ఆ భయం జూన్లో పడేదానికన్నా జనవరిలో పడితే మంచిది.

తెలియకపోతే ఏమవుతుందో చూడండి. జూన్లో సగం ఫీజు 45,000, పుస్తకాలకు 15,000, మామూలు ఖర్చు 28,000. వెరసి 88,000. వచ్చింది 45,000. తరుగు 43,000. దాన్ని రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 860, ఏడాదికి 10,320. ఆ కుటుంబం దుబారా చేసిందా? లేదు. ఏడాది మొత్తం మీద ఆదాయం చాలలేదా? చాలింది. డబ్బు ఉన్న నెల వేరు, కావలసిన నెల వేరు, అంతే. ఆ తేడాకే పదివేలు పోయాయి.

అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా కలిసి 2005లో రాసిన పుస్తకంతో 50-30-20 అనే సూత్రం లోకమంతా పాకింది. అవసరాలకు సగం, సరదాలకు 30, పొదుపుకు 20. మన యువకులు కూడా అదే చెబుతున్నారు. చెల్లెలి సీమంతానికి పెట్టే చీర అవసరమా, సరదానా? దసరాకు అమ్మకు ఇచ్చే డబ్బు ఏ గదిలో వేయాలి? ఆ పుస్తకం తప్పని అనను, అమెరికా కుటుంబానికి రాసింది. మనకు పనికొచ్చే పద్ధతి ఒకటి ఈ ఊళ్లోనే, వందేళ్ల కిందటే నడిచింది.

నిజాం సర్కారు ఆర్థిక వ్యవహారాలు చూసిన అక్బర్ హైదరీ 1922లో ఒక ఏర్పాటు తెచ్చారు. ఒక్కొక్క శాఖకు మూడేళ్లకు సరిపడా మొత్తం ముందే కేటాయించారు. ఏడాది చివర మిగిలిన డబ్బు ఖజానాకు తిరిగి పోకుండా ఆ శాఖ పేరనే ఉండేది. కరువుకంటూ వేరే నిధి పెట్టారు. మిగిలితే పోతుందన్న భయం ఉన్న చోట మార్చి నెలాఖరున అక్కర్లేని బల్లలు, కుర్చీలు కొంటారు. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లు నవ్వడం నాకు కనిపిస్తోంది. ఇళ్లలో జరిగేదీ ఇంచుమించు ఇదే. నెలాఖరుకు 4,000 మిగిలితే అది ఎవరిదో తెలియదు కాబట్టి అందరిదీ అవుతుంది. దానికి "బడి" అని పేరు పెట్టి పక్కన వేయండి, ఎవరూ ముట్టరు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ కావచ్చు, బ్యాంకులో రెండో ఖాతా కావచ్చు, జూన్‌కు చేతికందేలా ఉంటే చాలు. దాని మీద వచ్చే వడ్డీ తక్కువని లెక్కలేసి షేర్ల వైపు వెళ్లేవాళ్లున్నారు. జూన్ ఫీజు డబ్బుకు లాభం అక్కర్లేదు, జూన్లో ఉండడం కావాలి.

ఇక చిట్టీ. తెలుగువాడి బడ్జెట్ గురించి మాట్లాడుతూ చిట్టీని దాటవేస్తే ఎవరూ నమ్మరు. 20 మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చిట్టీ అనుకుందాం. మామూలు నెలలో ఎవరో 10,000 తగ్గించి పాడుకుంటారు. నిర్వాహకుడి కమీషను 5,000 పోను మిగిలిన 5,000 అందరికీ పంచితే తలా 250 తగ్గుతుంది. జూన్ పాట అలా ఉండదు. నలుగురికి ఫీజు కట్టాల్సి ఉంటుంది. పాట 30,000 దాకా పోతుంది. పాడుకున్నవారికి 70,000 దక్కుతుంది. కమీషను పోను 25,000 పంచితే తలా 1,250. ఆ నెల జేబులో ఫీజు డబ్బు ఉన్నవాడు 5,000 కట్టాల్సిన చోట 3,750 కట్టి మిగతాది వెనకేసుకుంటాడు. ముందుచూపు లేనివాడు ముందుచూపు ఉన్నవాడికి కట్టే పన్ను అది. చిట్టీ చెడ్డదని నేననను. ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వని రోజుల్లో మన ఊళ్లలో ఇళ్లు కట్టించింది, ఆడపిల్లల పెళ్లిళ్లు చేయించింది అదే. పాడేవాడిగా ఉంటారా, పంచుకునేవాడిగా ఉంటారా అన్నది మాత్రం మీ జూన్ చెబుతుంది.

చట్టం సంగతి రెండు ముక్కలు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ రిజిస్ట్రారు దగ్గర నమోదు కావాలి, నిర్వాహకుడు ముందుగా పూచీకత్తు కట్టాలి. కమీషను పరిమితిని 2019లో 5 నుంచి 7 శాతానికి పెంచారు. "మన కాలనీ ఆయనే, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నాడు" అన్నది పూచీకత్తు కాదు. పారిపోయినవాళ్లలో చాలామంది ఎవరో ఒకరి కాలనీ ఆయనే.

మలక్‌పేటలో నిలబడి ఉల్లిగడ్డ ఊసెత్తకుండా పోలేను. 2019 డిసెంబరులో కిలో వంద దాటినప్పుడు ఇక్కడి గంజి ముందు టీవీ కెమెరాలు బారులు తీరాయి. లెక్క వేద్దాం. నెలకు 6 కిలోలు వాడే ఇంట్లో 30 రూపాయల ఉల్లిగడ్డ మూడు నెలల పాటు 120 అయితే అదనపు భారం 1,620. అదే ఇంట్లో 90,000 ఫీజు ఒక్క 10 శాతం పెరిగితే 9,000. దానికి ఏ కెమెరా రాదు. పిల్లవాడి డైరీలో ఒక కాగితం వస్తుంది, అంతే. 7 రోజుల గడియారంలో వచ్చే మార్పు కంటికి కనబడుతుంది, 365 రోజుల దానిలో వచ్చేది కనబడదు. గంజిలో బస్తాలు మోసే హమాలీ ఇంట్లో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. అతనికి డబ్బు రోజుకింత అని వస్తుంది, రాని రోజులూ ఉంటాయి. అతన్ని ఉల్లిగడ్డే ముందు కొడుతుంది. నేను చెప్పే పద్ధతి అతనికి ఉన్నదున్నట్టు సరిపోతుందని చెప్పలేను.

ఇక్కడ అమ్మల తరఫున ఒక మాట. ఇంటి ఖర్చు అనగానే వంటింటి వైపు చూడటం మనకు అలవాటు. ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చెప్పాడు, కుటుంబ ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి వాటా తగ్గుతుందని. మన దేశపు పట్టణాల్లో 1999-2000లో ఖర్చులో తిండి వాటా సుమారు 48 శాతం. 2023-24కు అది 40 శాతానికి కొంచెం లోపే. అందులోనూ బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల వాటా 12 శాతం నుంచి 4 శాతం లోపుకు పడిపోయింది. ఆహారంలో పెరిగి అన్నింటికన్నా పెద్ద పద్దుగా కూర్చున్నది బయట వండిన తిండి, ప్యాకెట్ల తిండి, పానీయాలు. పట్టణాల ఖర్చులో అది దాదాపు 11 శాతం. అదే సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెలసరి సగటు ఖర్చు 8,978 రూపాయలు. నలుగురున్న ఇంటికి 36,000 దగ్గర పడింది. ఇందులో పప్పు డబ్బాలో మిగిలేదెంత? అత్తగారి కాలంలో పిడికెడు బియ్యం తీసి పక్కన పెడితే ఏడాదికి ఒక ముక్కుపుడక వచ్చేదేమో. ఇప్పుడు ఖర్చు వంటింట్లోంచి లేచి ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. పొదుపు పాఠాలు మాత్రం ఇంకా వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి చెబుతున్నాం.

డబ్బు ఎవరి చేతిలో పడుతుందన్నది అసలు ప్రశ్న. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు అది నైతిక ఉద్యమంగానే పేరు తెచ్చుకుంది. నిజానికి అది ఇంటి బడ్జెట్ ఉద్యమం కూడా. కూలి డబ్బు ఇంటికి చేరకముందే దుకాణంలో ఆగిపోతుంటే ఇల్లాలు ఏ కాగితం మీద ఏం లెక్క రాసుకుంటుంది? 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అదే జిల్లాలో ఆ ఉద్యమం వెన్నంటే పొదుపు లక్ష్మి సంఘాలు, రోజుకొక రూపాయి లెక్కన, మొదలయ్యాయి. ముందు డబ్బు ఇంటికి చేరింది, తర్వాత పొదుపు వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోవాలి.

ఈ మధ్య తెలంగాణ ప్రభుత్వం కొన్ని ఖర్చులు తీసేసింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి కోఠీకి వెళ్లి పనిచేసే ఆమెకు నెలకు కొన్ని వందలు మిగులుతాయి. మిగిలాయా అని అడిగితే మాత్రం ఎక్కువమంది ఆలోచనలో పడతారు. పేరు పెట్టని మిగులు కదా, మాయమైంది. కరెంటుది ఇంకో తమాషా. గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 201 అయితే మొత్తం బిల్లు కట్టాలి. పది నెలలు సున్నా చూసి అలవాటైన ఇంటికి కూలర్ తిరిగే ఏప్రిల్, మే నెలల్లో బిల్లు వస్తుంది, సరిగ్గా కారం, చింతపండు కొనే నెలల్లో. అది కూడా ఏడాది ఖర్చుల జాబితాలో రాసుకోవాల్సిందే.

ఆసుపత్రిని కావాలనే వదిలేశాను. అది వారానికీ, నెలకూ, ఏడాదికీ చెందదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది గానీ, రోగి పక్కన కూర్చునేవారి కూలి పోవడం, ఆటోలు, పరీక్షలు, బయటి మందులు చేతి నుంచే పోతాయి. హైదరీ కరువు నిధి లాంటిది వేరే ఉండాలి. రెండు నెలల ఖర్చుతో మొదలుపెట్టి, దాన్ని ఫీజుకు గానీ పండక్కి గానీ ముట్టకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారు. నా సలహా జూలై. జూన్ దెబ్బ తాజాగా ఉంటుంది, రసీదులన్నీ ఇంట్లోనే ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ, పెద్ద పిల్లలుంటే వాళ్లూ కూర్చుని గడిచిన 12 నెలల్లో ఒకేసారి 2,000 దాటిన ఖర్చులన్నీ నెలల వారీగా రాయండి. పాల బిల్లులు, కూరగాయలు వద్దు. రోజువారీ ఖర్చులు పైసాతో సహా రాయమని చెప్పేవాళ్లను నమ్మకండి, అవి వారంలో విసుగొచ్చి ఆగిపోతాయి. పెద్దవి రాస్తే చాలు. బ్యాంకు స్టేట్‌మెంట్లో, ఫోన్‌లో అవన్నీ దొరుకుతాయి. ఆ మొత్తాన్ని 12తో భాగించండి.

మొదటి ఏడాది ఆ అంకెను పూర్తిగా పక్కన పెట్టలేరు. ఎందుకంటే పోయిన జూన్ అప్పు తీర్చుకుంటూనే వచ్చే జూన్‌కు దాచాలి. రెండు జూన్లు ఒకే ఏడాది మీద పడతాయి. ఇక్కడే చాలామంది మానేస్తారు. అందుకని ఒక్క పద్దుతో మొదలుపెట్టండి, ఫీజుతో. నా ఊహా కుటుంబం నెలకు 17,000 తీయలేకపోతే 5,000 తీయనివ్వండి. జూలై నుంచి మే దాకా 55,000 అవుతుంది. జూన్‌కు కావలసిన 60,000లో ఆ మేరకు వడ్డీ లేని డబ్బు. మిగతా 5,000 ఆ నెల జీతంలో సర్దుకోవచ్చు. రెండో ఏడు పండగలు కలపండి, మూడో ఏడు బీమా, సరుకులు. హైదరీ కూడా శాఖలకు మూడేళ్లు ఇచ్చారు.

ఒక మాట మాత్రం ముందే తేల్చుకోవాలి. ఆ ఖాతా పాస్‌బుక్ ఎక్కడుంటుంది, దాన్నుంచి డబ్బు తీయాలంటే ఎవరిని అడగాలి అన్నది. ఇద్దరి సంతకం లేకుండా తీయలేని ఖాతా బ్యాంకుల్లో దొరుకుతుంది, అడిగితే ఇస్తారు. అది అనుమానం కొద్దీ పెట్టుకునే నియమం అనుకోకండి. పండక్కి తమ్ముడికి చేబదులు ఇవ్వాలని ఆయనకు అనిపించినా, చిట్టీ పాటలో తక్కువకు వస్తోందని ఆమెకు అనిపించినా, ఇంకొకరు "ఇది జూన్ డబ్బు కదా" అని గుర్తుచేయడానికి అవకాశం ఉంటుంది. లెక్కల్లో ఎక్కడైనా తేడా కనిపిస్తే ఇప్పుడే చెప్పండి, బోర్డు మీద వేసి చూద్దాం.